పాత్రధారణ క్రీడల ప్రచురణ: వ్యాపార రీతులు, తెలుగు అవకాశం

వైకుంఠపాళికి అచ్చుపటం, గవ్వలు చాలు. నియమాలు నోటిమాటగానే తెలుస్తాయి. పాత్రధారణ క్రీడ, అంటే రోల్ ప్లేయింగ్ గేమ్, అలాంటిది కాదు. ఆటగాళ్ళు తలా ఒక పాత్ర ధరించి, నిర్వాహకుడు కల్పించిన సన్నివేశంలో తామేమి చేస్తారో మాటల్లో చెబుతారు. సందేహం ఉన్నచోట పాచికలు ఫలితం తేలుస్తాయి. ఇక్కడ అమ్ముడయ్యే సరుకు నియమగ్రంథమే. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అమెరికాలో వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తొలి ముద్రణ 1000 ప్రతులు. మూడు చిన్న పుస్తకాల పెట్టె ధర 10 డాలర్లు.

చిక్కంతా ఒకటే: అయిదుగురు ఆడేచోట ఒక్కరు కొంటే సరిపోతుంది. అందుకే ప్రచురణకర్తలు అనుబంధ గ్రంథాలు వరుసగా తెస్తారు. వాటినీ ఎక్కువగా కొనేది నిర్వాహకుడే. 2000లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ మూలనియమాలను బహిరంగ అనుమతిపత్రంతో విడుదల చేసింది. అనుబంధాలు ఎవరు రాసినా మూలగ్రంథానికి గిరాకీ పెరుగుతుందన్నది దాని లెక్క. తరువాత ఆ అనుమతిని బిగించబోయి, వ్యతిరేకత రాగా, 2023 జనవరిలో 5.1 నియమపత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కిందికి తెచ్చింది. మూలాన్ని పేర్కొని దానిని ఎవరైనా అనువదించవచ్చు, అమ్ముకోవచ్చు.

కనుక వికారాబాద్ జిల్లాలోని అనంతగిరి అడవులు, కోట్‌పల్లి జలాశయం నేపథ్యంగా తెలుగులో ఒక నియమగ్రంథం వేయదలిస్తే హక్కుల ఖర్చు లేదు. ఖర్చంతా అనువాదానిదీ, బొమ్మలదీ, కాగితానిదీ. ముందే వెయ్యి ప్రతులు వేసి అటకెక్కించే మన అలవాటు కంటే, ముందస్తు చందాలు పోగైన మేరకే అచ్చువేయడం మేలు. అంతకన్నా ముందు పరిభాష తేలాలి: ‘సేవింగ్ త్రో’ను ‘రక్షణ పాచిక’ అనవచ్చునా?