ఇంట్లో తయారుచేసే యాంప్లిఫైయర్‌కు ఏ వాల్యూమ్ కంట్రోల్ సరిపోతుంది?

సొంతంగా యాంప్లిఫైయర్ తయారుచేసుకునేవారు ఐసీ, స్పీకరు, ట్రాన్స్‌ఫార్మర్ ఎంపికలో ఎంతో శ్రద్ధ చూపుతారు. వాల్యూమ్ కంట్రోల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం దుకాణంలో ఏది ఇస్తే అది తెచ్చి బిగిస్తారు. ఫలితం మొదటిరోజే తెలుస్తుంది. నాబ్‌ను కాస్త కదిపితే చాలు, పాట గట్టిగా మోగుతుంది. ఆ తర్వాత చివరిదాకా తిప్పినా పెద్దగా తేడా ఉండదు. ఇంట్లోవాళ్లు నిద్రపోతున్నప్పుడు మెల్లగా వినాలంటే అంత తక్కువ ధ్వని దొరకదు. చాలా సందర్భాల్లో ఇది ఐసీ లోపం కాదు, తప్పు రకం పొటెన్షియోమీటర్ వల్ల వచ్చిన ఇబ్బంది.

చెవి లెక్క వేరు

పొటెన్షియోమీటర్‌కు మూడు కాళ్లు ఉంటాయి. రెండు చివరి కాళ్ల మధ్య కార్బన్ పట్టీ ఉంటుంది. మధ్య కాలికి కలిసిన వైపర్ ఆ పట్టీపై జరుగుతూ, వచ్చిన సిగ్నల్‌లో కొంత భాగాన్ని మాత్రమే యాంప్లిఫైయర్‌కు పంపుతుంది.

లీనియర్ రకంలో నాబ్ సగం తిరిగితే వోల్టేజీ సగం వస్తుంది. న్యాయంగానే కనిపిస్తుంది కానీ చెవి అలా వినదు. ఉద్దీపన రెట్ల చొప్పున పెరిగితేనే మనకు అది సమానమైన మెట్లుగా తోస్తుందని జర్మన్ శాస్త్రవేత్త గుస్తావ్ ఫెక్నర్ 1860లోనే ప్రతిపాదించారు. ధ్వనిని డెసిబెల్‌లో కొలవడం వెనుక ఉన్నదీ ఇదే రకం లెక్క. సుమారుగా 10 డెసిబెల్ తగ్గితే ధ్వని సగమైనట్లు వినిపిస్తుంది. వోల్టేజీ సగమైతే తగ్గేది 6 డెసిబెల్ మాత్రమే. వోల్టేజీ పదో వంతుకు పడిపోతే 20 డెసిబెల్ తగ్గి, ధ్వని పావు వంతు అయినట్లు అనిపిస్తుంది.

అంటే లీనియర్ కంట్రోల్‌లో నాబ్ పదో వంతు తిరిగేసరికే గరిష్ఠ ధ్వనిలో పావు వంతు వచ్చేస్తుంది. లాగ్ రకంలో మొదట వోల్టేజీ నెమ్మదిగా, తర్వాత వేగంగా పెరుగుతుంది. నాబ్ మధ్యలో ఉన్నప్పుడు వోల్టేజీ 10 నుంచి 20 శాతం వరకే ఉంటుంది. అందుకే వాల్యూమ్‌కు లాగ్ రకమే సరైనది.

గుర్తును నమ్మండి, కానీ కొలిచి చూడండి

మన మార్కెట్లో సాధారణంగా ‘ఏ’ అంటే లాగ్, ‘బి’ అంటే లీనియర్. ‘ఏ50కె’ అని ఉంటే 50 కిలో ఓంల లాగ్ రకం. అయితే కొన్ని పాత యూరప్ పరికరాల్లో ఈ అక్షరాల అర్థం తారుమారుగా ఉంటుంది. కాబట్టి కోఠిలో కొన్నా, ముంబయి లామింగ్టన్ రోడ్డులో కొన్నా మల్టీమీటర్‌తో ఒకసారి చూసుకోవాలి. నాబ్‌ను సరిగ్గా మధ్యలో ఉంచి, ఎడమ కాలికీ మధ్య కాలికీ నడుమ నిరోధం కొలవండి. మొత్తంలో దాదాపు సగం ఉంటే లీనియర్. పది, పదిహేను శాతం దగ్గర ఉంటే లాగ్.

ఎన్ని కిలో ఓంలు?

ఇక్కడ రెండు షరతులను కలిపి చూడాలి. విలువ మరీ తక్కువైతే సిగ్నల్ ఇచ్చే పరికరంపై భారం పడుతుంది. మరీ ఎక్కువైతే వైపర్ తర్వాతి వైరు, యాంప్లిఫైయర్ ఇన్‌పుట్ కలిసి సిగ్నల్‌ను దెబ్బతీస్తాయి. వైపర్ వైపు నుంచి చూస్తే పొటెన్షియోమీటర్ నిరోధం గరిష్ఠంగా దాని విలువలో పావు వంతు ఉంటుంది. 100 కిలో ఓంల కంట్రోల్‌కు అది 25 కిలో ఓంలు. ఆ తర్వాతి షీల్డ్ వైరు పొడవుగా ఉండి 500 పికోఫారడ్ల కెపాసిటెన్స్ తోడైతే, సుమారు 13 కిలోహెర్ట్జ్ నుంచే సన్నని స్వరాలు మందగిస్తాయి. 10 కిలో ఓంల కంట్రోల్‌తో ఈ సమస్య వినికిడి పరిధి దాటిపోతుంది.

మొబైల్ ఫోను, కంప్యూటరు, బ్లూటూత్ బోర్డు వంటివాటికి 10 కిలో ఓంలు భారం కాదు. ఎల్‌ఎం386 ఐసీ ఇన్‌పుట్ నిరోధం సుమారు 50 కిలో ఓంలు కాబట్టి దానికీ ఈ విలువ చక్కగా కుదురుతుంది. సిగ్నల్ ఏ పరికరం నుంచి వస్తుందో ముందే తెలియకపోతే 50 కిలో ఓంలు మధ్యేమార్గం. వాల్వులతో చేసిన ప్రీయాంప్లిఫైయర్ అయితే 100 కిలో ఓంలు లేదా అంతకన్నా ఎక్కువ అవసరమవుతుంది.

లాగ్ రకం దొరక్కపోతే

100 కిలో ఓంల లీనియర్ కంట్రోల్ తీసుకుని, మధ్య కాలికీ గ్రౌండ్‌కూ నడుమ 10 కిలో ఓంల రెసిస్టర్ కలపండి. నాబ్ మధ్యలో ఉన్నప్పుడు వోల్టేజీ సగానికి బదులు ఏడో వంతే వస్తుంది. ఇది అచ్చమైన లాగ్ కాదు గానీ చెవికి దగ్గరగా ఉంటుంది. పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం సిగ్నల్ ఇచ్చే పరికరంపై సుమారు 9 కిలో ఓంల భారం పడుతుందని గుర్తుంచుకోవాలి.

స్టీరియో, గరగర శబ్దం

స్టీరియోకు ఒకే ఇరుసుపై రెండు పొటెన్షియోమీటర్లున్న డ్యూయల్ రకం కావాలి. చౌకవాటిలో రెండు పట్టీలు సమానంగా ఉండవు. తక్కువ ధ్వనిలో పాట ఒక పక్కకు జరిగినట్లు వినిపిస్తుంది. కొనేముందు నాబ్‌ను మొదటి పావు భాగంలో ఉంచి రెండింటి నిరోధాలనూ పోల్చి చూడండి.

కొత్త కంట్రోల్ కూడా తిప్పినప్పుడు గరగరలాడితే, దాని గుండా డీసీ వెళుతోందేమో పరీక్షించండి. సిగ్నల్ వచ్చే చోట 10 కిలో ఓంల కంట్రోల్‌కు ముందు 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే డీసీ ఆగిపోతుంది. 16 హెర్ట్జ్ పైనున్న ధ్వని దాదాపు తగ్గకుండా వెళుతుంది. ఐసీ ఇన్‌పుట్ నుంచే డీసీ వస్తుంటే వైపర్ తర్వాత మరో కెపాసిటర్ అవసరం.

బిగించేటప్పుడు ఇరుసు మీ వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకోండి. ఎడమ కాలు గ్రౌండ్‌కు, కుడి కాలు సిగ్నల్‌కు, మధ్య కాలు యాంప్లిఫైయర్ ఇన్‌పుట్‌కు వెళ్లాలి. లోహపు ఒంటిని కూడా గ్రౌండ్‌కు కలిపితే హమ్ తగ్గుతుంది. ఈ కంట్రోల్‌ను స్పీకరు వైపు మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. వాటులో చిన్న భాగాన్ని మాత్రమే తట్టుకునే కార్బన్ పట్టీ, స్పీకరుకు వెళ్లే కరెంటుకు కాలిపోతుంది.