రూ.35,400 - 1,12,400 అంటే నెలకు లక్ష జీతమా? సర్కారీ జాబ్ నోటిఫికేషన్‌లో ‘లెవల్’ అసలు లెక్క ఇదీ!

‘టెన్త్ పాసైతే చాలు.. నెలకు రూ.69,100 జీతం!’ ఇలాంటి థంబ్‌నెయిల్ మీ ఫోన్‌లో ఎప్పుడో ఒకసారి కనిపించే ఉంటుంది. అది కేంద్ర బలగాల్లో జీడీ కానిస్టేబుల్ పోస్టు. నోటిఫికేషన్‌లో రూ.21,700 - 69,100 అని ఉన్న మాట నిజమే. కానీ చేరిన రోజు వచ్చే బేసిక్ 21,700. ఆ లెవల్‌లోనే ఉండిపోతే 69,100 దగ్గరికి చేరడానికి 39 ఇంక్రిమెంట్లు పడాలి. ఏడాదికి ఒక్క ఇంక్రిమెంటే! అంటే 20 ఏళ్లకు చేరిన కుర్రాడు రిటైర్మెంట్ ముంగిట చూసే అంకె అది.

సర్లే, థంబ్‌నెయిల్ అన్నాక అలాగే ఉంటుంది అనుకోవచ్చు. అసలు సమస్య అక్కడ కాదు. ఎస్ఎస్‌సీ, రైల్వే లాంటి పరీక్షల్లో పోస్టుల ప్రిఫరెన్స్ పెట్టేటప్పుడు చాలామంది ఈ అంకెల్నే చూసి వరుస నింపేస్తున్నారు. ఒకసారి సబ్మిట్ కొట్టాక ఆ వరుసే 30 ఏళ్ల ఉద్యోగాన్ని తేల్చేస్తుంది. అందుకే ప్రభుత్వం ఒక పోస్టును ఏ లెక్కన ఎక్కడ పెడుతుందో ముందే తెలిసి ఉండాలి.

పే మ్యాట్రిక్స్ అంటే ఏంటి?

7వ వేతన సంఘం సిఫార్సులతో 2016 జనవరి 1 నుంచి కేంద్ర ఉద్యోగుల జీతాలన్నీ ఒకే పట్టికలోకి వచ్చాయి. పెద్ద ఎక్సెల్ షీట్ ఊహించుకోండి. అడ్డంగా లెవల్స్ ఉంటాయి, 1 నుంచి 18 వరకు. మధ్యలో 13ఏ అని ఒకటి అదనం. నిలువుగా గడులు ఉంటాయి, కింది లెవల్స్‌లో అయితే 40. కొత్తగా చేరినవాళ్లు తమ లెవల్‌లో మొదటి గడిలో ఉంటారు. ఏటా ఒక గడి కిందికి దిగుతారు, అదే సుమారు 3 శాతం ఇంక్రిమెంట్. ప్రమోషన్ వస్తే పక్క లెవల్‌కు జరుగుతారు.

లెవల్ 1 మొదటి గడి రూ.18,000. ఎంటీఎస్, రైల్వే గ్రూప్ డీ ఇక్కడే. లెవల్ 2కు 19,900. లెవల్ 4కు 25,500. లెవల్ 6కు 35,400. లెవల్ 7కు 44,900. సివిల్స్ రాసి ఐఏఎస్, ఐపీఎస్ అయినవాళ్లు మొదలయ్యేది లెవల్ 10లో, 56,100 దగ్గర. చివరన లెవల్ 18, అంటే కేబినెట్ సెక్రటరీ, రూ.2,50,000. అక్కడ ఒకే గడి, ఇంక్రిమెంట్లు ఉండవు.

కోచింగ్ సెంటర్లలో ఇప్పటికీ ‘4600 జాబ్’, ‘4200 జాబ్’ అంటుంటారు గమనించారా? అది 6వ వేతన సంఘం నాటి గ్రేడ్ పే. పేరు పోయినా మాట పోలేదు. 4200 అంటే ఇప్పటి లెవల్ 6, 4600 అంటే లెవల్ 7. అప్పట్లో 5400 గ్రేడ్ పే మాత్రం రెండు వేర్వేరు పే బ్యాండ్లలో ఉండేది. అవే ఇప్పుడు లెవల్ 9, లెవల్ 10 అయ్యాయి.

గ్రూప్ 2 అంటే గ్రూప్ బీ కాదు!

మన దగ్గర ఎక్కువ మంది తికమక పడేది ఇక్కడే. కేంద్రంలో ఏ, బీ, సీ అనే గ్రూపులు పోస్టు హోదాను చెబుతాయి. 2017 నవంబర్‌లో డీఓపీటీ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం లెవల్ 10, ఆ పైన గ్రూప్ ఏ. లెవల్ 6 నుంచి 9 వరకు గ్రూప్ బీ. లెవల్ 1 నుంచి 5 వరకు గ్రూప్ సీ. ఒకప్పటి గ్రూప్ డీ 6వ వేతన సంఘంతోనే గ్రూప్ సీలో కలిసిపోయింది. రైల్వే గ్రూప్ డీ అని మనం ఇంకా పిలుస్తున్నాం కానీ ఆ పేరుతో ఇప్పుడు హోదా లేదు.

ఏపీపీఎస్సీ, టీజీపీఎస్సీ పెట్టే గ్రూప్ 1, 2, 3, 4 వేరే సంగతి. అవి పరీక్షల పేర్లు. ఏయే పోస్టులను ఏ పరీక్షతో భర్తీ చేయాలో చెప్పే మూటలు, అంతే. ఒకే గ్రూప్ 2 నోటిఫికేషన్‌లో వేర్వేరు పే స్కేళ్ల పోస్టులు పక్కపక్కనే ఉంటాయి. ‘గ్రూప్ 2 జీతం ఎంత?’ అని అడిగితే ‘ఏ పోస్టు?’ అని తిరిగి అడగాల్సిందే.

కేంద్రంలో కూడా పైన చెప్పిన లెక్క అన్నిచోట్లా ఒకేలా ఉండదు. రైల్వేలో స్టేషన్ మాస్టర్, జూనియర్ ఇంజినీర్ పోస్టులు లెవల్ 6. మామూలు లెక్కన గ్రూప్ బీ కావాలి. కానీ రైల్వే వాటిని గ్రూప్ సీగానే చూస్తుంది.

హోదాతో పాటు పని స్వభావాన్ని బట్టి కూడా విభజన ఉంటుంది. ఆఫీసులో ఫైళ్లు చూసేవి మినిస్టీరియల్ పోస్టులు. ఫీల్డ్, టెక్నికల్ లాంటివి నాన్ మినిస్టీరియల్. గెజిటెడ్, నాన్ గెజిటెడ్ అనేది ఇంకో గీత. నోటిఫికేషన్‌లో ‘గ్రూప్ బీ, గెజిటెడ్, నాన్ మినిస్టీరియల్’ అని మూడు ముక్కలు కనిపిస్తే వాటిలో జీతం గురించి చెప్పేది ఏదీ లేదు. జీతం చెప్పేది లెవల్ ఒక్కటే.

మరి చేతికి ఎంత వస్తుంది?

లెవల్ 6 ఉద్యోగి హైదరాబాద్‌లో చేరారనుకుందాం. బేసిక్ 35,400. 2025 జులై నుంచి అమల్లోకి వచ్చిన 58 శాతం డీఏ లెక్కన 20,532. హైదరాబాద్ ఎక్స్ కేటగిరీ నగరం కాబట్టి ఇంటద్దె 30 శాతం, అంటే 10,620. రవాణా భత్యం 3,600, దాని మీద కూడా డీఏ పడుతుంది కాబట్టి 5,688. మొత్తం రూ.72,240. ఇందులోంచి పెన్షన్ వాటా కింద బేసిక్, డీఏ కలిపిన మొత్తంలో 10 శాతం పోతుంది, అది 5,593. ఎన్‌పీఎస్ అయినా కొత్త యూపీఎస్ అయినా ఉద్యోగి వాటా అంతే. ఇంకా చిన్న చిన్న కోతలు పోతే 66 వేల చుట్టూ చేతికి వస్తుంది.

ఇదే ఉద్యోగికి చిన్న పట్టణంలో పోస్టింగ్ వస్తే? ఇంటద్దె 10 శాతమే, 3,540. రవాణా భత్యం డీఏతో కలిపి 2,844. మొత్తం 62,316కు పడిపోతుంది. విజయవాడ, విశాఖ, గుంటూరు, నెల్లూరు, వరంగల్ వై కేటగిరీ కాబట్టి అక్కడ ఇంటద్దె 20 శాతం.

ఇక్కడే ట్విస్ట్. హైదరాబాద్‌లో లెవల్ 5 ఉద్యోగి బేసిక్ 29,200. అన్నీ కలిపితే 60,584. అంటే నోటిఫికేషన్‌లో 6,200 తేడా ఉన్న రెండు పోస్టుల మధ్య ఊరు మారేసరికి మిగిలిన తేడా 1,732 రూపాయలు! చిన్న ఊళ్లో అద్దె తక్కువే, నిజమే. అయినా ‘పెద్ద లెవల్ కాబట్టి జీతం చాలా ఎక్కువ’ అనే లెక్క అన్నిసార్లూ కుదరదని అర్థమవుతోంది కదా.

రైల్వే ఎన్‌టీపీసీ: లెవల్ 6 పైనా, లెవల్ 5 పైనా?

డిగ్రీతో ఎన్‌టీపీసీ రాసేవాళ్లకు స్టేషన్ మాస్టర్ లెవల్ 6, గూడ్స్ ట్రైన్ మేనేజర్ లెవల్ 5. గూడ్స్ గార్డు పేరే 2022లో ట్రైన్ మేనేజర్‌గా మారింది. 35,400 పెద్దదా, 29,200 పెద్దదా అని చూసి స్టేషన్ మాస్టర్‌ను పైన పెట్టేస్తారు. కానీ ట్రైన్ మేనేజర్ రన్నింగ్ స్టాఫ్. డీఏ లాంటి కొన్ని లెక్కలకు వీళ్ల బేసిక్‌కు మరో 30 శాతం కలిపి చూస్తారు. 29,200కు 30 శాతం కలిపితే 37,960. తిరిగిన కిలోమీటర్ల లెక్కన రన్నింగ్ అలవెన్స్ వేరే. కాకపోతే ఇంటి నుంచి ఎప్పుడు బయల్దేరతామో, ఎప్పుడు తిరిగొస్తామో తెలియని బతుకు. నైట్ డ్యూటీలు స్టేషన్ మాస్టర్‌కూ తప్పవు.

జీతం కంటే ముందు చూడాల్సింది ఇంకోటి ఉంది. కళ్లు! ఈ రెండు పోస్టులకూ మెడికల్ స్టాండర్డ్ ఏ2. కళ్లద్దాలు లేకుండా దూరపు చూపు 6/9 ఉండాలి, రంగులు గుర్తుపట్టే పరీక్ష కూడా పాసవ్వాలి. అదే నోటిఫికేషన్‌లో సీనియర్ క్లర్క్ కమ్ టైపిస్ట్ కూడా లెవల్ 5. దానికి సీ2 చాలు, అద్దాలు ఉన్నా పర్లేదు. టికెట్ సూపర్‌వైజర్ పోస్టు లెవల్ 6, స్టాండర్డ్ బీ2. దానికీ పరిమితికి లోబడి అద్దాలను అనుమతిస్తారు. అద్దాలు పెట్టుకునే అభ్యర్థి లెవల్ చూసి స్టేషన్ మాస్టర్‌ను మొదట పెట్టి, మార్కులతో అదే పోస్టు వచ్చి, మెడికల్‌లో ఆగిపోతే? దానికి బదులు ఇంకో పోస్టు ఇవ్వరు. నోటిఫికేషన్‌లో ఆ మాట ముందే రాసి ఉంటుంది. ఏళ్ల తరబడి చదివిన చదువు ఆ ఒక్క లైన్ దగ్గర ఆగిపోతుంది.

లెవల్ ఒకటే, దారి వేరు

ఎస్ఎస్‌సీ సీజీఎల్‌లో లెవల్ 7 పోస్టులు చూడండి. ఢిల్లీలో సచివాలయ ఫైళ్లు చూసే అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్, ఇన్‌కమ్ ట్యాక్స్ ఇన్‌స్పెక్టర్.. ఇద్దరికీ మొదటి రోజు బేసిక్ 44,900. పని, బదిలీలు, ప్రమోషన్ వరుస మాత్రం దేని దారి దానిదే.

ప్రమోషన్ రాకపోతే? దానికి ఎంఏసీపీ అనే ఏర్పాటు ఉంది. 10, 20, 30 ఏళ్ల సర్వీసుకు పట్టికలో తర్వాతి లెవల్ ఇస్తారు. ఇది ప్రమోషన్‌తో సమానం అనుకోవద్దు. కేంద్ర సచివాలయంలో లెవల్ 4 యూడీసీకి ప్రమోషన్ వస్తే నేరుగా లెవల్ 7 ఏఎస్‌ఓ. అదే ఎంఏసీపీతో అయితే లెవల్ 5 మాత్రమే. హోదా కూడా మారదు. కాబట్టి ప్రిఫరెన్స్ పెట్టేముందు ఆ శాఖలో పనిచేస్తున్న సీనియర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. ‘అన్నా, మీ దగ్గర ప్రమోషన్ ఎన్నేళ్లకు వస్తోంది?’ అని.

పట్టిక బయట ఉన్నవాళ్లు

పోస్టల్ జీడీఎస్ నోటిఫికేషన్ వస్తే మన పల్లెల్లో హడావుడి మామూలుగా ఉండదు. టెన్త్ మార్కులే మెరిట్ మరి. కానీ గ్రామీణ డాక్ సేవక్‌లు ఈ పే మ్యాట్రిక్స్‌లో ఏ లెవల్‌లోనూ లేరు. వాళ్లకు ఇచ్చేది టీఆర్‌సీఏ అనే భత్యం. బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్‌కు 12,000 - 29,380, అసిస్టెంట్‌కు 10,000 - 24,470. దీని మీద డీఏ ఉంటుంది. పోస్ట్‌మ్యాన్ లెవల్ 3. అదే తపాలా శాఖ, అదే ఖాకీ సంచి. ఒకరు పట్టిక లోపల, ఒకరు బయట.

తెలంగాణ, ఏపీలో లెక్క వేరు

రెండు రాష్ట్రాల్లోనూ లెవల్స్ లేవు. 32 గ్రేడ్లతో ఒకే మాస్టర్ స్కేల్ ఉంటుంది. తెలంగాణలో అది రూ.19,000 నుంచి 1,62,070 వరకు. ఏపీలో 20,000 నుంచి 1,79,000 వరకు. అందులోంచి ఒక్కో ముక్క ఒక్కో పోస్టుకు. తెలంగాణలో జూనియర్ అసిస్టెంట్‌కు 24,280 - 72,850. పోలీస్ కానిస్టేబుల్‌కూ సరిగ్గా అదే! ఎస్సైకి, స్కూల్ అసిస్టెంట్ టీచర్‌కు ఒకే స్కేల్, 42,300 - 1,15,270. ఏపీలోనూ ఈ జంటలు అలాగే ఉన్నాయి. అంకెలే వేరు, 25,220 - 80,910, 44,570 - 1,27,480. కుర్చీలో కూర్చునే ఉద్యోగాన్నీ, బందోబస్తులో నిలబడే ఉద్యోగాన్నీ ఒకే గ్రేడ్‌లో పెట్టడం న్యాయమేనా అంటే, అది పీఆర్సీ వచ్చిన ప్రతిసారీ నడిచే వాదన.

కేంద్రం లెవల్ 4 బేసిక్ 25,500, తెలంగాణ జూనియర్ అసిస్టెంట్ 24,280.. ‘తేడా 1,220యే కదా’ అనుకోవద్దు. కేంద్రం స్కేళ్లు 2016 నాటివి, రాష్ట్రాల స్కేళ్లు 2018 జులై నాటివి. డీఏ అప్పటివరకు కలిపేసి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి డీఏ శాతాలు ఒకటి కావు. ఇంటద్దె కూడా అంతే. హైదరాబాద్‌లో కేంద్ర ఉద్యోగికి 30 శాతం అయితే రాష్ట్ర ఉద్యోగికి 24 శాతం. బేసిక్‌ను బేసిక్‌తో పోల్చకుండా, ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ల పే స్లిప్‌ను పే స్లిప్‌తో పోల్చండి.

8వ వేతన సంఘంతో జీతాలు మూడు రెట్లా?

జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ నేతృత్వంలోని 8వ వేతన సంఘం విధివిధానాలకు కేంద్ర కేబినెట్ 2025 అక్టోబర్ 28న ఓకే చెప్పింది. గడువు 18 నెలలు. లెవల్ 1ని 2తో, 3ని 4తో, 5ని 6తో కలిపేయాలని ఉద్యోగుల పక్షం అడుగుతోంది. ఈలోగా ‘ఫిట్‌మెంట్ 2.86, కనీస జీతం 51,480’ అంటూ వీడియోలు తెగ తిరుగుతున్నాయి. అది అంచనానే తప్ప ఉత్తర్వు కాదు.

పోయినసారి ఏం జరిగిందో చూస్తే ఈ రెట్ల లెక్క అర్థమవుతుంది. 2016లో కనీస బేసిక్ 7,000 నుంచి 18,000 అయింది. వినడానికి 2.57 రెట్లు. కానీ అప్పటికే 125 శాతం డీఏతో ఆ ఉద్యోగికి 15,750 వస్తోంది. కాబట్టి అసలు పెరిగింది 2,250, అంటే 14 శాతం పైచిలుకు. 2025 జులై నాటి 58 శాతం డీఏను 18,000కు కలిపితే 28,440. రేపు ఏ అంకె ప్రకటించినా, కొత్త పట్టిక అమలయ్యే నాటికి డీఏతో కలిపి ఎంత వస్తోందో దానితోనే పోల్చి చూడాలి, 18,000తో కాదు.