నిలబడ్డవాడే ఫొటోలో పడ్డాడు

వేంసూరు సెంటర్లో నిలబడి నగర దృశ్యాల ఫొటోగ్రఫీ అంటే ఎవరైనా నవ్వుతారు. సత్తుపల్లి బస్సు ఆగే చోటు, నాలుగు ఆటోలు, ఒక టీ కొట్టు. తలెత్తితే సెల్ టవరే ఆకాశహర్మ్యం. అలాగని తీసిపారేయకండి, మా ఊరికీ ఒక విశేషం ఉంది. 1962, 1967, 1972 ఎన్నికల్లో వేంసూరు నియోజకవర్గం నుంచి వరసగా గెలిచిన జలగం వెంగళరావు 1973 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. 1978 వచ్చేసరికి ఆ నియోజకవర్గమే లేదు, సత్తుపల్లి వచ్చింది.

ఈ సెంటర్లో పెద్ద కెమెరా మెడలో వేసుకుని దిగానంటే చాలు, "ఏ ఛానల్ సారూ?" అంటారు. లేదంటే "రోడ్డు సర్వేనా?" అంటారు. చొక్కా సర్దుకుంటారు, నవ్వే నవ్వు ఆపేసి బిగుసుకుంటారు. అదే గుప్పిట్లో ఇమిడే కెమెరాతో వెళితే ఎవరికీ పట్టదు. "ఇంకా ఇలాంటివి వాడుతున్నారా?" అని కాస్త జాలిపడతారు. ఆ జాలే నాకు కావాల్సింది! కెమెరా చిన్నదయ్యాకే బజారు బజారులా ఫొటోకెక్కింది. రికార్డులు తిరగేస్తే తెలుస్తుంది.

కెమెరాతో తీసిన ఫొటోల్లో ఇప్పటికి మిగిలి ఉన్న అతి పాతది ఇంటి కప్పుల బొమ్మే. ఫ్రాన్సులో నీప్స్ అనే ఆయన 1827 ప్రాంతంలో తన కిటికీలోంచి తీశాడు. అందులో ఎదురెదురు గోడలు రెండింటి మీదా ఎండ ఉంటుంది. పొద్దు ఆ పక్క నుంచి ఈ పక్కకు తిరిగేదాకా కెమెరా తెరిచే ఉంచాడు మరి. మనిషి జాడ మాత్రం లేదు.

ఫొటోలో మొదట పడ్డ మనిషి ఎవరంటే, 1838లో పారిస్ వీధిలో బూట్లు తుడిపించుకుంటున్న ఒకాయన. మేడ మీంచి డాగేర్ తీశాడు. నిజానికి ఆ వీధి నిండా బళ్లు, గుర్రాలు, జనం ఉన్నారు. కానీ కెమెరా కొన్ని నిమిషాల పాటు తెరిచి ఉండటంతో కదిలిన వాళ్లంతా మాయమైపోయారు. కాలు పెట్టె మీద పెట్టి నిలబడ్డాడు కాబట్టి ఆయన మిగిలాడు. పేరు ఎవరికీ తెలియదు. బూట్లు తుడిచే అతను పక్కనే మసక మసకగా ఉన్నాడు. పని చేసేవాడు మసకబారాడు, చేయించుకునేవాడు చరిత్రకెక్కాడు!

మన హైదరాబాదుకు ఆ ముచ్చట తెచ్చిన పెద్ద పేరు రాజా దీన్‌దయాళ్. 1844లో పుట్టి, ఇండోర్‌లో ఇంజినీరింగ్ ఉద్యోగం చేసి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫొటోగ్రాఫరై 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొందారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో విడిగా జనానా స్టూడియో పెట్టించారు. ఆయన తీసిన ఊరేగింపులూ మహళ్లూ ఇప్పటికీ కళ్లు తిప్పుకోనివ్వవు. కానీ స్టాండు దించి, గాజు పలక ఎక్కించి, నల్ల గుడ్డలో తల దూర్చే లోపు బజారంతా ఇటే చూస్తుంది. దొరతనం దొరుకుతుంది గానీ దొంగచూపు దొరకదు.

కెమెరాను జేబులోకి దింపిన ఘనుడు జర్మనీలోని ఓస్కర్ బార్నాక్. సినిమా రీలు తీసుకుని, 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు బొమ్మ పడేలా 1914 నాటికే ఒక చిన్న కెమెరా తయారుచేసుకున్నాడు. 1920లో వెట్స్‌లార్ ఊరు వరదలో మునిగితే దాంతోనే తిరిగి ఫొటోలు తీశాడు. అది 1925లో లైకా పేరుతో బజారుకొచ్చింది. అంతకు రెండేళ్ల ముందు పరీక్ష కోసం చేసిన కొన్నింటిలో ఒకటి బార్నాక్ సొంతానికి వాడుకున్నాడు. 2022 జూన్‌లో దాన్ని వేలం వేస్తే 1 కోటి 44 లక్షల యూరోలు పలికింది, అంటే మన డబ్బుల్లో నూరు కోట్ల పైమాటే! అప్పటికి ప్రపంచంలో ఏ కెమెరాకూ అంత ధర రాలేదు. చవకలో రికార్డు చెప్పాలంటే 1900లో ఒక్క డాలరుకే అమ్మిన కోడక్ బ్రౌనీని తలచుకోవాలి. అట్టపెట్టె కెమెరా అది. వీధిని సామాన్యుడి చేతికిచ్చింది మాత్రం ఆ అట్టపెట్టే.

దొంగచూపులో ఘనాపాఠి అంటే నా లెక్కలో వివియన్ మేయర్. షికాగోలో పిల్లల్ని చూసుకునే ఆయా. పొట్ట దగ్గర పట్టుకుని పైనుంచి చూసే కెమెరా ఆమెది, కాబట్టి ఎదుటివాళ్ల కళ్లలోకి చూసే పనే లేదు. లక్షకు పైగా ఫొటోలు తీసి దాదాపు ఎవరికీ చూపించలేదు. 2007లో సామాను వేలంలో బయటపడ్డాయి. 2009లో ఆమె కన్నుమూసేనాటికి లోకానికి ఆమె పేరు కూడా తెలియదు.

ఇక డిజిటల్ సంగతి. 1975లో కోడక్‌లో స్టీవెన్ సాసన్ చేసిన మొదటి డిజిటల్ కెమెరా మూడున్నర కిలోల పైనే. ఒక్క ఫొటో క్యాసెట్టులోకి ఎక్కడానికి 23 సెకన్లు. ఇప్పుడు ఓమ్నివిజన్ వాళ్ల సెన్సరు ఒకటి అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, ఆవగింజ కన్నా చిన్నది. 2019లో గిన్నిస్‌కెక్కింది. దాంతో బజార్లు తీయరు, ఒంట్లోకి పంపి చూస్తారు. నికాన్ పీ1000 జూమ్ 125 రెట్లు, చంద్రుడి మచ్చలు లెక్కపెట్టొచ్చు. బరువు మాత్రం కిలో నాలుగు వందల గ్రాములు. జేబులో పడుతుందా?

నాకు నచ్చేది రికో జీఆర్3 తరహా. పావు కిలో, జూమే ఉండదు. ఫోకస్ ముందే 2 మీటర్ల దగ్గర పెట్టేసుకుంటే, బటన్ నొక్కిన మరుక్షణం ఫొటో పడుతుంది. దగ్గరికి రావాలంటే కాళ్లే జూమ్. ఇబ్బంది ఒక్కటే. ముందుకొచ్చి లోపలికి పోయే లెన్సు దుమ్మును కూడా వెంట పీల్చుకుపోతుంది. రోడ్డు మీద టిప్పర్ల వెనకాల రెండు వారాలు తిరిగానో లేదో, నా ప్రతి ఆకాశంలోనూ ఒక నల్ల చుక్క!

మొన్న తెల్లవారుజామున టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. కొట్టాయన చెయ్యెత్తి గ్లాసులోకి టీ తిరగబోస్తున్నాడు. షట్టరు సెకనులో 30వ వంతు పెడితే ఆ ధార రిబ్బనులా పడింది. వెయ్యో వంతుకు మారిస్తే పూసలు పూసలుగా తెగింది. సరిగ్గా 2 మీటర్లు, నేను నిలబడ్డ చోటి నుంచి ఆ ధార దాకా. వెనకాల ఆయన మొహం ఆవిరిలో కలిసిపోయింది.

తెరమీద చూపించాను. కళ్లు చికిలించి చూశాడు.

"బానే ఉంది గానీ సారూ, నేనేడున్నా? అంతా టీయే పడింది."