ఆ రాతి తల అలెగ్జాండర్‌దని ఎలా తెలిసింది?

మ్యూజియంలో ఓ పాలరాతి తల. పేరు లేదు. మరి ఫలానా రాజుదని ఎలా చెబుతారు?

1779లో రోమ్ దగ్గరి టివోలీలో దొరికిన తల కింది రాతి మీద అదృష్టవశాత్తూ పేరు చెక్కి ఉంది: మాసిడోనియా వాడు, ఫిలిప్ కొడుకు అలెగ్జాండర్ అని! నుదుటి నడుమ పైకి లేచి, రెండు పక్కలకీ వాలిన జుట్టే అతని ఆనవాలు. పేరులేని తలల్లో దాన్నే వెతుకుతారు. నాణేలతోనూ పోలుస్తారు. అతని సేనాని లైసిమాకస్ రాజయ్యాక వేయించిన నాణేల మీదైతే అలెగ్జాండర్‌కు పొట్టేలు కొమ్ములుంటాయి. అవి అమ్మోన్ దేవుడి గుర్తు. రాజును దేవుణ్ణి చేయడమంటే ఇదే!

తన విగ్రహాలు శిల్పి లిసిప్పస్ ఒక్కడే చేయాలని అలెగ్జాండర్ కోరాడట. అతను చేసిన కంచు విగ్రహాలేవీ మిగల్లేదు. టివోలీ తల రోమన్ల కాలపు నకలు. ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది.