కొలిచి ఇచ్చిన తైలం

నిర్గమకాండము 30వ అధ్యాయంలో అభిషేక తైలం తయారుచేసే విధానాన్ని దేవుడు మోషేకు తెలియజేశాడు. గోపరసం, లవంగిపట్ట, నిమ్మగడ్డి నూనె, ఒలీవ నూనె... ప్రతిదానికీ కొలత ఉంది. ఆ తైలాన్ని మామూలుగా ఒంటికి పూసుకోకూడదన్న కట్టడ కూడా ఉంది. మంచి వస్తువును ఇష్టం వచ్చినట్లు వాడకూడదన్న ఈ మాట పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతంలో బతికే మనం మరింత శ్రద్ధగా వినాలి.

సుగంధ తైలాలకు సూక్ష్మక్రిములను చంపే గుణం ఉంది. లవంగిపట్ట, అంటే దాల్చినచెక్కలో సిన్నమాల్డిహైడ్, లవంగంలో యూజెనాల్, నిమ్మగడ్డిలో సిట్రాల్ అనే పదార్థాలుంటాయి. ఇవి బ్యాక్టీరియా పైపొరను దెబ్బతీస్తాయి. లోపలి పదార్థం బయటికి కారిపోయి క్రిమి చనిపోతుంది. పంటినొప్పికి పెద్దలు లవంగ నూనె అద్దింది ఊరికే కాదు. దంతవైద్యులు నేటికీ యూజెనాల్ వాడుతున్నారు.

అయితే ప్రయోగశాలలో క్రిమిని చంపిన నూనె మన ఒంట్లోనూ అలాగే పనిచేస్తుందని చెప్పలేం. గాఢమైన నూనె చర్మాన్ని మండిస్తుంది, తాగితే ప్రమాదం. న్యుమోనియాకు, టైఫాయిడ్‌కు వైద్యుడిచ్చే యాంటీబయాటిక్సే దిక్కు.

మరి ఆ మందులను మనం ఎలా చూసుకుంటున్నాం? పటాన్‌చెరు దగ్గర దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉంది! ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఆ నీరు అప్పట్లో ఇసకవాగు, నక్కవాగుల గుండా మంజీర వైపు సాగేది. మందు కలిసిన నీటిలో బలహీనమైన క్రిములు చస్తాయి, మందుకు లొంగనివి బతికి పెరుగుతాయి. రేపు మన బిడ్డకు జ్వరం వస్తే ఆ మాత్ర పనిచేయకపోవచ్చు. శాస్త్రవేత్తలు సుగంధ తైలాల వైపు మళ్లీ చూడటానికి ఈ భయం కూడా ఒక కారణం.

మంచి సమరయుడు నూనెను, ద్రాక్షారసాన్ని గాయం మీదే పోశాడు. మనమూ అవసరమైన చోటే మందు వాడుదాం. జలుబుకు యాంటీబయాటిక్ కొనవద్దు. వైద్యుడు చెప్పినన్ని రోజులు మానకుండా వేసుకుందాం. మిగిలిన మాత్రలను మోరీలో పడేయవద్దు. కంపెనీలలో పనిచేసే విశ్వాసులారా, వ్యర్థజలం విడిచేటప్పుడు ఆ వాగు కింద ఉన్న పొరుగువాడిని గుర్తుచేసుకోండి. స్వస్థత కోసం ప్రార్థించే మనం, స్వస్థపరిచే మందును కాపాడుకోవద్దా?