మన యింట దేశదేశముల చాయ

ఒకే యాకునకు మన తెలుగువారు రెండు పేరులు పెట్టుకొన్నారు. కోస్తా జిల్లాలవారు టీ యందురు. మా సిద్దిపేటలో చాయ యందుము. ఇది వట్టి యాసభేదము కాదు. చీనాదేశమున పెక్కు ప్రాంతములవారు పలుకు 'చా' యను మాట నేలదారిని పారసీకమునకును, అచటినుండి హిందూస్థానీకిని వచ్చి, ఉర్దూ చెలామణియైన నిజాం రాజ్యమున మనకు దక్కినది. ఆ దేశమందే ఫుజియను తీరమువారు పలుకు 'తే' యను మాటను డచ్చి వర్తకులు ఓడలపై ఐరోపాకు గొనిపోగా, అది ఆంగ్లేయుల నోట టీ యై కోస్తాలో దిగినది. కావున కోస్తానుండి వచ్చిన క్రొత్తకోడలు టీ యన్నప్పుడు నవ్వు ఆడుబిడ్డలు, ఆ మాట సముద్రయానము చేసి వచ్చినదని మన్నింతురు గాక!

మన పూర్వుల వంటయిండ్లలో నీ పానీయము లేదు. ప్రబంధములలో పాయసములు, పానకములు, మజ్జిగలు నున్నవి గాని తేయాకు కానరాదు. అస్సామున సింగ్ఫోజాతివారు కాచి త్రాగు నాకును 1823లో రాబర్టు బ్రూసు చూచెను. 1839లో అస్సాము తేయాకు లండను వేలమునకు వచ్చెను. తరువాత ఆ తోటలలో పనికై గంజాము, విశాఖపట్టణము ప్రాంతములనుండి మన తెలుగు కుటుంబములును వలసపోయెను. తోటలలో ఆకు గిల్లు చేతులలో స్త్రీల చేతులే యెక్కువ. మనము కాచుకొను గిన్నెలోనికి ఆకు వచ్చుటకు ముందే అది యొక యాడుదాని చేత బడి వచ్చినదన్నమాట.

హైదరాబాదున మిక్కిలి పేరుగన్న ఇరానీ చాయ ఇరానులో లేదు. అచటివారు పాలు కలుపక, యెఱ్ఱని తేనీటిని చిన్న గాజుపాత్రలో బోసికొని, చక్కెర పలుకును పంటినడుమ నుంచుకొని చప్పరించుచు త్రాగుదురు. ఇరానునుండి వచ్చి భాగ్యనగరమున హోటళ్లు తెఱచినవారు ఇచటి పాలరుచికి లొంగిరి కాబోలు. ఈ చాయకు ప్రత్యేకపు పొడి అక్కఱలేదు, ఓపిక కావలెను. నలుగురికి మూడు గిన్నెల నీరు, నాలుగు చెంచాల పొడి, తగినంత చక్కెర వేసి, మూతచుట్టును గోధుమపిండి ముద్దతో మూసి, సన్నని సెగపై ఇరువది నిమిషములు మగ్గనీయుడు. వేఱొక గిన్నెలో అరలీటరు చిక్కని పాలను మీగడ కలియబెట్టుచు సగమగువఱకు మరిగింపుడు. తరువాత గిన్నెలో సగము కషాయమును, పైన సగము పాలును పోయవలెను. రెండింటిని కలిపి కాచినచో ఆ రుచి రాదు. దీనికి ఉస్మానియా బిస్కత్తు జోడని పట్టణమువారందురు. సంక్రాంతి వెళ్లిన పదిదినములవఱకు నా యోటు సకినాలకే. ఇరానువారి పద్ధతియు చవిచూడదలచిన, పాలు మాని, చక్కెరకు బదులు పటికబెల్లపు పలుకు నోటనుంచుకొనుడు, పిల్లలకది వేడుక.

పాలులేని తేనీటికి మన బజారులో విరివిగా దొరకు పలుకులవంటి పొడి పనికిరాదు. ఆకుగా నున్నదానిని కొనవలెను. జపానువారి పచ్చని తేయాకుపై మరుగునీరు పోసిన చేదెక్కును. నీటిని దింపి, కొంచెము చల్లాఱిన తరువాత పోసి, రెండు నిమిషములలో వడగట్టవలెను. కాశ్మీరపు కహ్వాకును పచ్చని యాకే మూలము. అందు దాల్చినచెక్క, యేలకులు, రెండు కుంకుమపూరేకులు వేసి, పైన బాదముపలుకులు చల్లుదురు. అవే కాశ్మీరపు టిండ్లలో ఉప్పుచాయయు కలదు. సోడాయుప్పువలన అది గులాబివన్నె దాల్చును. చూచుటకు ముచ్చటగానే యుండును గాని, తీపికలవాటుపడిన మన నాలుక దానిని మెచ్చుట కష్టము.

మొరాకో దేశమున పుదీనాతోడను, చాల చక్కెరతోడను పచ్చని తేనీరు కాచి, నురుగు వచ్చునట్లు ఎత్తునుండి పోయుదురు. మన పెరటి పుదీనాతో నిది యెంతయు సులభము. అచట అతిథుల యెదుట దీనిని కాచి పోయుట పూర్వాచారమున ఇంటి యజమానుని పని. ఈ వాక్యమును మీ యింటివారికి వినబడునట్లు చదువుడు. జపానునందును, 16వ శతాబ్దమున సెన్ నో రిక్యూ తీర్చిన పద్ధతిలో, తేనీరు కలుపువారు అతిథుల నడుమనే కూర్చుండి కలుపుదురు; కలుపుటయే చూడదగిన పని. మనయిండ్లలో నట్లుగాక, కాచు ఇల్లాలు పొయ్యికడ, త్రాగువారు చావడిలో. అందఱకును పోసి, గిన్నె యడుగున మిగిలినదానిని మరల వెచ్చజేసి, నిలుచుండియే గొంతున బోసికొనుట మనలో నెందఱకు అలవాటు కాదు?

అంతకన్న చెడ్డది, ప్రొద్దెక్కువఱకు పనిలోబడి, ఆకలిని చాయతో చంపుట. తరువాత అన్నము తినిన వెంటనే మరల నొక గిన్నె. తేయాకులోని వగరు అన్నములోని యినుమును దేహము గ్రహింపకుండ నడ్డగించును. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో, మనదేశమున 15 మొదలు 49 యేండ్ల లోపలి స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో, భోజనమునకు ముందొక గంట, వెనుకనొక గంట చాయ మానుడని యున్నది. నేను చాయను మానుమనుట లేదు, వేళ మార్చుమనుచున్నాను. భోజనముతో నేదైన త్రాగవలెనన్న నిమ్మనీరు మేలు. నిమ్మరసము ఇనుమును గ్రహించుటకు తోడ్పడును.

ఇక రష్యావారి పద్ధతి నాకన్నిటికన్న నచ్చినది. వారు గాఢమైన కషాయమును చిన్న కూజాలో నుంచి, సమోవారను నీటికాగులో వేడినీటిని సిద్ధముగా నుంతురు. ఎవరికెంత చిక్కగా కావలెనో అంత కషాయము పోసికొని, నీరు కలుపుకొని, నిమ్మబద్దతోనో పండ్లపాకముతోనో త్రాగుదురు. సమోవారు మనకు లేకున్న నేమి? కషాయమొక చెంబులోను, వేడినీరు ఫ్లాస్కులోను పోసి, సాయంకాలము బల్లపై నుంచుచున్నాను. అయిదుమారులు పొయ్యి వెలిగించు పని తప్పినది. నా గిన్నె వేడిగానుండగనే కూర్చుండి త్రాగుచున్నాను. మావారు బడినుండి వచ్చి తమది తామే కలుపుకొనుచున్నారు, చక్కెర మాత్రము నేను చూడనప్పుడు ఒక చెంచా యెక్కువ వేసికొందురు.