ఒక్క పాయింటు తేడా

మా అమలాపురం సాత్విక్ పేరెత్తితే చాలు, ఎవరైనా ముందుగా చెప్పే అంకె 565. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకాలో బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి కొట్టిన స్మాష్ వేగం అది, గంటకు కిలోమీటర్లలో. పదేళ్లుగా 493 దగ్గరే ఉండిపోయిన గిన్నిస్ రికార్డు ఒక్క దెబ్బతో చెరిగిపోయింది. గొప్ప అంకే, కాదనను. కానీ అది మ్యాచ్‌లో వచ్చింది కాదు, పరీక్ష పెట్టి కొలిచింది. ఆ ఏడాది సీజన్ నడిమధ్యలో సాత్విక్, అతని డబుల్స్ జోడీ చిరాగ్ శెట్టి ఎంత గట్టిగా ఆడారో తెలియాలంటే నేను చూపించే అంకె వేరు. 59–58.

జూన్ 17, జకార్తా. ఇండోనేషియా ఓపెన్ సెమీఫైనల్లో ఎదుట కొరియా జోడీ కాంగ్ మిన్ హ్యుక్, సియో సియుంగ్ జే. మొదటి గేమ్ 17–21తో పోయింది. తర్వాతి రెండూ 21–19, 21–18తో మనవే. ఇప్పుడు గేములు పక్కనపెట్టి పాయింట్లన్నీ కూడండి. మనవాళ్లవి 17, 21, 21 కలిపి 59. వాళ్లవి 21, 19, 18 కలిపి 58. 117 పాయింట్ల ఆటలో తేడా ఒక్కటంటే ఒక్కటి!

దానికి ముందు ఏప్రిల్ 30న దుబాయ్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ ఫైనల్ కూడా ఇంతే. మలేషియాకు చెందిన ఓంగ్ యూ సిన్, టియో ఈ యి మీద 16–21, 21–17, 21–19. కూడితే 58–57. అంత సన్నటి తేడాతో, 1965లో దినేశ్ ఖన్నా గెలిచిన 58 ఏళ్లకు, ఆసియా టైటిల్ మళ్లీ ఇండియాకు వచ్చింది.

జకార్తా ఫైనల్‌కు వెళ్లేసరికి ఇంకో లెక్క భయపెట్టింది. అక్కడ ఎదుట నిలిచిన ఆరన్ చియా, సో వూయి యిక్ జోడీతో అంతకుముందు ఎనిమిదిసార్లు తలపడితే ఎనిమిదీ ఓటములే. తొమ్మిదోసారి, జూన్ 18న, 21–17, 21–18. ఇండియా డబుల్స్ జోడీకి తొలి సూపర్ 1000 టైటిల్ అది.

జులైలో కొరియా ఓపెన్. 23న యోసులో ఫైనల్, ఎదుట అప్పటి నంబర్‌వన్ జోడీ ఫజర్ అల్ఫియాన్, రియాన్ అర్డియాంటో. మళ్లీ మొదటి గేమ్ 17–21తో పోయింది. ఆ తర్వాత 21–13, 21–14. అంటే వెనకబడ్డాక ఆడిన రెండు గేముల్లో 42–27! గెలిచాక ఇద్దరూ గంగ్నమ్ స్టైల్ చిందేస్తుంటే ఇక్కడ మాకూ కాళ్లు ఆగలేదు.

మూడు టైటిళ్లు. మూడింటిలోనూ మొదటి గేమ్ పోగొట్టుకుని నిలబడ్డ మ్యాచ్ ఒకటుంది. వెనక నుంచి సాత్విక్ ఎగిరి కిందికి దించి కొడితే, తడబడుతూ తిరిగొచ్చే షటిల్‌ను నెట్ దగ్గర చిరాగ్ ముగిస్తాడు. ఈ పద్ధతి ఎదుటివాళ్లకు తెలియనిది కాదు. మొదటి గేమ్ పోయినా దాన్ని వదలకపోవడమే వీళ్ల బలమని నా నమ్మకం. పీఈటీ మాస్టారి ఇంట్లో, చిన్నప్పుడే నాన్న దగ్గర రాకెట్ పట్టిన సాత్విక్‌కు ఆ ఓపిక అక్కడే అబ్బి ఉంటుంది.

జకార్తాలో ఐదు, యోసులో ఐదు, ఆ వెంటనే జపాన్ ఓపెన్‌లో రెండు, వరసగా 12 గెలుపులు. పదమూడో మ్యాచ్‌లో టోక్యో ఒలింపిక్ విజేతలు లీ యాంగ్, వాంగ్ చి లిన్ చేతిలో 15–21, 25–23, 16–21తో ఆ వరస తెగింది. ఓడిన రోజున కూడా రెండో గేమ్ వదల్లేదు చూడండి.

ఆ వేసవి ఊపు అక్టోబరులో పండింది. హాంగ్జౌ ఆసియా క్రీడల సెమీస్‌లో మళ్లీ చియా, సో ఎదురైతే 21–17, 21–12. జకార్తాలో మొత్తం ఏడు పాయింట్ల తేడా, ఇక్కడ పదమూడు. 7న ఫైనల్ గెలిచి, ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో దేశానికి తొలి స్వర్ణం తెచ్చారు. 10న ప్రపంచ ర్యాంకుల్లో ఒకటో స్థానం.

ఈసారి వాళ్ల ఆట చూసేటప్పుడు మొదటి గేమ్ పోయిందని టీవీ కట్టేయకండి.